చచ్చినవాళ్ల హక్కు

శ్మశానంలో రాజూ పేదా ఒకటేనన్న మాట మనకు చిన్నప్పటినుంచీ చెవినిండా వినిపిస్తూనే వుంది. పల్లెటూళ్లలో హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీను వచ్చేసరికి కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా లేచి కూచునేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో జాషువా పద్యాలు చేర్చుకుని నటులు రాగాలు తీసేవారు, జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఆ పద్యాలు గొప్పవి కావని నేను అనబోవటం లేదు. కాని ఆ సీనులోనే వున్న ఇంకొక సంగతి మన విమర్శకుల దృష్టికి తగినంతగా రాలేదనుకుంటాను. మృత్యువు ముందు అందరూ సమానులేనని పాడిన ఆ హరిశ్చంద్రుడే, కాటిసుంకం చెల్లించనిదే కొడుకు శవాన్ని కాల్చనివ్వనని కట్టుకున్న భార్యతో అంటాడు. ఆ సుంకం అతనిది కాదు, యజమాని వీరబాహుడిది. సమానత్వం పద్యంలో వుంది, సుంకం శ్మశానంలో వుంది.

ఈ వ్యాసంలో నేను తర్కించదలచుకున్న ప్రశ్న ఇది. ఆత్మ లేదనీ, పరలోకం లేదనీ, చచ్చినవాడికి సుఖదుఃఖాలు లేవనీ నమ్మే మనలాంటివాళ్లకు చచ్చినవాళ్ల పట్ల ఏమైనా బాధ్యత వుందా? ఒక మనిషి సమాధిని చదును చేసి దానిమీద కట్టడం లేపితే నష్టపడినవాడెవడు? భక్తుడికి ఈ ప్రశ్న తేలిక. ఆత్మ క్షోభిస్తుందంటాడు, అక్కడితో అతని పని అయిపోతుంది. మనకే కష్టం.

ఈ ప్రశ్న నాకు తత్వశాస్త్ర గ్రంథాల్లో తగల్లేదు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరానికి పక్కనున్న హిల్స్‌బరోలో వుద్యోగం చేస్తున్నాడు. (సిలికాన్ చిప్పుల ఫ్యాక్టరీల పుణ్యమా అని అక్కడ ఇవాళ తెలుగువాళ్లు చాలామందే వున్నారు.) అతను కొన్ని ఫోటోలు పంపాడు. ఇళ్ల మధ్య ముప్పై ఎకరాల శ్మశానం, పెద్ద పెద్ద చెట్లు, పాత పాలరాళ్లు. చూడటానికి వుద్యానవనంలా వుంది. దాని పేరు లోన్ ఫర్, అంటే ఒంటరి ఫర్ చెట్టు అని. ఆఖరి ఫోటోలో మాత్రం ఒక మూల ఖాళీ స్థలం. చెట్టు లేదు, రాయి లేదు. "ఇక్కడేమీ లేదు సార్, కాని మీరు చదవవలసింది దీని గురించే" అని కింద రాశాడు. చదివాను.

ఆ శ్మశానంలో మొట్టమొదటి సమాధి 1846 నాటిది. విలమెట్ నది తూర్పుగట్టున జేమ్స్ స్టీఫెన్స్ అనే ఆయన భూమి ఆక్రమించి వ్యవసాయం చేస్తుండేవాడు. పీపాలు చెయ్యటం అతని వృత్తి. అతని తండ్రి ఎమర్ స్టీఫెన్స్ చనిపోతే పొలంలోనే పాతిపెట్టాడు. అప్పటికి పోర్ట్‌లాండ్ అన్నది వూరు కాదు, పేరు మాత్రమే. ఆ పేరు కూడా 1845లో పైసా ఎగరేసి నిర్ణయించిందే. ఇద్దరు భూస్వాములు పందెం వేసుకున్నారు. ఒకాయన బోస్టన్ అనాలన్నాడు, ఇంకొకాయన పోర్ట్‌లాండ్ అనాలన్నాడు. బోస్టన్ ఓడిపోయింది. ఓడిపోయిన ఏసా లవ్‌జాయ్ ఈ శ్మశానంలోనే వున్నాడు.

పైసా ఎగరేసి పేరు పెట్టుకోగలిగినంత ఖాళీగా ఆ నేల ఎలా వుంది? చరిత్ర పుస్తకాలు దాన్ని అడవి అంటాయి, సరిహద్దు అంటాయి, కన్యాభూమి అంటాయి. అక్కడ చినూక్ భాషలు మాట్లాడే మల్ట్‌నోమా, క్లాకమస్ ప్రజలు నది పొడుగునా కొయ్యపలకల ఇళ్లు కట్టుకుని, సాల్మన్ చేపలు పడుతూ, వర్తకం చేస్తూ బతికారు. 1830లో మొదలై ఏటేటా తిరగబెట్టిన చలిజ్వరం, ఇప్పటి పండితులు మలేరియా అని చెప్పేది, ఆ లోయలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా పొట్టన పెట్టుకుంది. జ్వరాన్ని తెచ్చింది ఓడలూ వర్తకులూను. వూళ్లకు వూళ్లు పోయాయి. శవాలను పడవల్లో పెట్టి చెట్లమీద, గుట్టలమీద, నదిలోని లంకల్లో వుంచటం ఆ ప్రజల ఆచారం. ఆ పని చేసేందుకు కూడా మనుషులు మిగలని వూళ్లున్నాయి. తర్వాత పదిహేనేళ్లకు బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు చూసిన ఖాళీ ఇది. అంటే, తొలి వలసదారులు అడుగుపెట్టింది అడవిలో కాదు, శ్మశానంలో. ఎమర్ స్టీఫెన్స్‌ది అక్కడ మొదటి సమాధి అనటానికి మనం "తెల్లవాళ్లలో" అన్న మాట చేర్చక తప్పదు.

1850లో అమెరికా ప్రభుత్వం చేసిన భూదాన చట్టం ప్రకారం అక్కడ సేద్యం చేసే తెల్ల మగవాడికి 320 ఎకరాలు, పెళ్లయినవాడైతే భార్యపేర మరో 320 ఎకరాలు వుచితం. దానం అన్న మాట ఎంత నిర్లజ్జగా వాడారో చూడండి. ఇచ్చేవాడి సొత్తు కాదు గనుక దానం చెయ్యటం సులభమైంది.

1854లో స్టీఫెన్స్ ఈ పొలాన్ని కోల్బర్న్ బారెల్ అనే వ్యాపారికి అమ్మాడు. తన తండ్రి సమాధిని కాపాడాలని షరతు పెట్టాడు. ఆ ఏడాది ఏప్రిల్ 8న గజెల్ అనే ఆవిరిపడవ బాయిలరు పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. అందులో బారెల్‌కు వాటా వుంది. అతని భాగస్వామి క్రాఫర్డ్ డాబిన్స్ కూడా చనిపోయాడు. డాబిన్స్‌ను ఎమర్ స్టీఫెన్స్ పక్కన పాతిపెట్టి, 1855లో ఆ చుట్టుపక్కల పదెకరాలు కొలిచి, మిత్రుడి పేరుమీద మౌంట్ క్రాఫర్డ్ అని శ్మశానం పెట్టాడు బారెల్. గజెల్‌లో చచ్చినవారందరూ భాగస్వాములు కారు. కాని శ్మశానం పేరు భాగస్వామిది.

ఆ 1855వ సంవత్సరాన్ని కాస్త గుర్తుంచుకోవాలి. ఆ జనవరిలోనే విలమెట్ లోయ యావత్తూ తెగల చేత ఒప్పందంమీద గుర్తులు పెట్టించి తీసుకున్నారు. మరుసటి ఏడు, మిగిలిన ఇండియన్లను కొండల అవతల గ్రాండ్ రోండ్ అనే చోటికి తోలారు. చచ్చిన తెల్లవాళ్లకు పదెకరాలు కొలిచిన సమయంలోనే బతికున్న ఇండియన్లకు ఆ లోయలో చోటు లేకుండా పోయింది.

1866లో బారెల్ ఈ శ్మశానాన్ని 4,000 డాలర్లకు నగరానికి అమ్మచూపాడు. వూరికి మరీ దూరం అని నగరం వద్దన్నది. కొందరు పెట్టుబడిదారులు కొన్నారు. అక్కడ ఒకే ఒక్క ఫర్ చెట్టు వుండేది గనుక లోన్ ఫర్ అన్న పేరు బారెల్ భార్య సూచించిందట. శ్మశానాలు కొనటం అమ్మటం మనకు వింతగా తోచవచ్చు. పాశ్చాత్య దేశాల్లో పందొమ్మిదో శతాబ్దంలో అది మామూలు వ్యాపారం. సమాధికి స్థలం కొనుక్కోవాలి. కొనుక్కోలేనివాడికి ఒక మూల వుంటుంది.

అన్నట్టు, జేమ్స్ స్టీఫెన్స్ సమాధి గురించి చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అతనూ భార్య ఎలిజబెతూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడినట్టు రాతిమీద చెక్కారు. వెనక చెక్కిన వాక్యాల సారాంశం ఇది: యాభై ఏడేళ్లకు పైగా కలిసి బతికాం, ప్రకృతి మార్చరాని నియమాలను అనుసరించి, మేము ఏ మూలపదార్థాలతో తయారయ్యామో వాటిలోకే తిరిగిపోయేందుకు ఎదురుచూస్తున్నాం. దేవుడు లేడు, స్వర్గం లేదు, పునరుత్థానం లేదు! చుట్టూ శిలువలూ దేవదూతలూ వున్న శ్మశానంలో ఒక పీపాల పనివాడు రాయించుకున్న మాటలివి. మన పంచభూతాల సిద్ధాంతాన్ని ఎవరో ఆయనకు అందించినట్టున్నది. ఈ మాట చదివినప్పుడు నాకు ఆయనమీద గౌరవం కలిగింది. మరుక్షణం ఒక సందేహం కూడా కలిగింది. మూలపదార్థాల్లో కలిసిపోయేవాడికి రాతిబొమ్మ ఎందుకు? తండ్రి సమాధిని కాపాడాలన్న షరతు ఎందుకు? భౌతికవాది అయినా సరే, తన నేలలో పడుకున్న భౌతికవాదికి తన గుర్తు నిలవాలనే వుంటుందన్నమాట. ఇది తప్పని నేననను. ఆ కోరిక తీరటానికి ఏమేం కావలసివచ్చాయో చూడమంటున్నాను. భూమి, పట్టా, చట్టం, రాయి కొనేందుకు డబ్బు.

ఇవేవీ లేనివాళ్లు ఆ ఖాళీ మూలలో వున్నారు. నైరుతి మూల పద్నాలుగో బ్లాకు.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో దక్షిణ చైనా క్వాంగ్‌టుంగ్ రాష్ట్రంనుంచి వచ్చిన కూలీలు ఆరెగన్‌లో రైలుకట్టలు పోశారు, మోడులు పెరికి పొలాలు చేశారు, బంగారు ఇసక కడిగారు, కొలంబియా నది వెంబడి డబ్బాల ఫ్యాక్టరీల్లో సాల్మన్ చేపలు కోశారు. వాళ్లను తొలి వలసదారులని ఎవరూ అనలేదు. వాళ్లు రాకముందే వాళ్లకోసం చట్టం తయారుగా వుంది. 1857లో రాసుకున్న ఆరెగన్ రాజ్యాంగంలో నల్లజాతివారు ఆ రాష్ట్రంలోకి రాకూడదన్నారు. ఆ తర్వాత వచ్చిన చైనీయుడెవడూ అక్కడ భూమిగాని గనిగాని సొంతం చేసుకోకూడదన్నారు. 1875లో చేసిన కేంద్ర చట్టం చైనా స్త్రీలు రాకుండా దాదాపు తలుపు మూసింది. 1882 చట్టం కూలీలనే రాకుండా మూసింది. 1887లో స్నేక్ నది లోయలో ముప్పైమందికి పైగా చైనా బంగారు కూలీలను కాల్చిచంపారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. 1900ల తొలి సంవత్సరాల్లో చేపలు కోసే యంత్రం వచ్చి డబ్బాల ఫ్యాక్టరీల్లో చైనీయుల చేతిపనిని మింగేసింది. ఆ యంత్రానికి ఇనప చైనావాడు అని, అదీ వాళ్లను తిట్టే మాటతోనే, పేరు పెట్టారు. ముప్పై ఏళ్లు అక్కడ చేపలు కోసినవాడి పేరు ఎవరికీ పట్టలేదు గాని, అతని పని లాక్కున్న యంత్రానికి అతని జాతి పేరు దక్కింది.

చట్టప్రకారం అడుగు నేల కొనకూడనివాళ్లు చచ్చాక ఆరడుగుల నేలలో పడుకోవాలి కదా. లోన్ ఫర్‌లో నమోదైన చైనీయుల ఖననాలు 1,131. అవి శాశ్వతమైన సమాధులు కావు. కొన్నేళ్లు పోయాక ఎముకలు తవ్వి తీసి, శుభ్రం చేసి, పెట్టెల్లో సర్ది, హాంకాంగ్‌లోని టుంగ్ వా ఆసుపత్రివారి ద్వారా స్వగ్రామాలకు చేర్చటం వాళ్ల పద్ధతి. దీనికోసం కూలీల సంఘాలు చందాలు వసూలు చేసేవి. బతికుండగా ఇంటికి పోలేనివాడు ఎముకలుగా అయినా పోవాలనుకున్నాడు. ఇది మూఢనమ్మకం కాదా అని మన మిత్రులు అడగవచ్చు. కొంతవరకు కావచ్చు. కాని ఆ చందా పుస్తకంలో నాకు కనపడేది మూఢనమ్మకం కంటే సంఘబలం. రాయి పెట్టుకునే హక్కు లేనివాళ్లు ఒకరి శవానికి ఒకరు పూచీపడ్డారు. కాని పెట్టెల్లోకి అందరూ ఎక్కలేదు. సంఘాలకు తెలియనివాళ్లూ, పిల్లలూ, ఎవరూ అడగనివాళ్లూ ఆ మట్టిలోనే మిగిలారు.

చైనీయులు భూమి కొనరాదన్న నిబంధనను ఆరెగన్ 1946లో తీసేసింది. 1940లు ముగిసేలోపల పద్నాలుగో బ్లాకులో 265 కళేబరాలను తవ్వించి చైనాకు పంపారు. 1950లలో జిల్లా ప్రభుత్వం ఆ మూలలో ఒక ఆఫీసు భవనం కట్టింది. కార్ల కోసం నేల చదును చేసింది. అంతా వెళ్లిపోయారు కదా అన్నారు. గుమాస్తాలు యాభై ఏళ్లు అక్కడ ఫైళ్లు రాశారు. 2000 దశకం మధ్యలో ఆ స్థలాన్ని ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మాలనుకున్నప్పుడు, చైనీయుల సంఘాలూ ఇరుగుపొరుగువారూ పాత కాగితాలు తీసి లెక్కలు సరిపోవటం లేదన్నారు. తవ్వి చూశారు. మనుషులు ఇంకా కిందనే వున్నారు. భవనం కూల్చారు. 2007లో స్థలాన్ని తిరిగి శ్మశానంలో కలిపారు. స్మారకచిహ్నం కోసం 2019 పార్కుల బాండ్లనుంచి 40 లక్షల డాలర్లు కేటాయించారు.

ఆ శ్మశానంలోనే 1903లో లేపిన సైనిక స్మారకస్తంభం వుంది. అది గౌరవించే యుద్ధాల్లో ఇండియన్లమీద చేసిన యుద్ధాలు కూడా వున్నాయి. 

ఇంకొక వ్యక్తి గురించి కూడా చెప్పాలి, లేకపోతే నేను తెల్లవాళ్లందరినీ ఒకే గాటకట్టినట్టవుతుంది. డాక్టర్ హాథార్న్ అనే ఆయన పోర్ట్‌లాండ్‌లో పిచ్చాసుపత్రి నడిపాడు. తలకింతని ప్రభుత్వం డబ్బిచ్చేది. దిక్కులేకుండా చచ్చిన తన రోగుల్లో 132 మందికి పైగా మనుషులను ఆయన సొంత ఖర్చుతో లోన్ ఫర్‌లో పాతించాడు. ఆయనా 1881లో అక్కడికే చేరాడు. ఆయన పేరు ఒక పెద్దవీధికి వుంది. అంతకుముందు దాని పేరు ఆసుపత్రి వీధి. రోగుల గుర్తులు మాత్రం మిగల్లేదు. ఆయన దయ నిజమైనదే. దయకు వీధి దక్కింది, దయపొందినవాళ్లకు రాయి దక్కలేదు. దీనికి ఆయన బాధ్యుడు కాడు.

ఇదంతా నేను మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడికి చెప్పాను. ఆయన నాకంటే గట్టి భౌతికవాది. ఆయన అన్నది ఇది: "బతికున్నవాళ్లకు ఇళ్లు లేవు. నగరం మధ్య ముప్పై ఎకరాలు ఎముకలకు వదిలెయ్యటం భూస్వామ్య మనస్తత్వం. ఆ మూల ఇళ్లు కడితే పదికుటుంబాలు బతికేవి. నీ చైనీయులకు ఇప్పుడు ఒరిగిందేమిటి? ఒక స్మారకచిహ్నం. పాలకులకు అదే చవక."

ఆయన వాదంలో బలం వుంది. ఆఖరిమాటలో మరీ వుంది. చచ్చిన చైనీయుడికి పూలగుత్తి పెట్టేవాళ్లందరూ బతికున్న వలసకూలీకి కూలిరేటు పెంచరు. అయినా ఆ వాదం నాకు చాలలేదు. ఆయన ప్రశ్న ఎముకలకూ ఇళ్లకూ మధ్య పోటీ పెట్టింది. చరిత్రలో జరిగిన పోటీ అది కాదు. జిల్లా ప్రభుత్వానికి ఆఫీసు కావలసివచ్చినప్పుడు ముప్పై ఎకరాల్లో ఏ మూల చదును చెయ్యాలా అని చూశారు. స్టీఫెన్స్ దంపతుల వైపు చూడలేదు. లవ్‌జాయ్ వైపు చూడలేదు. బతికున్నవాళ్ల అవసరం నిజమే అనుకుందాం. ఆ అవసరం ఎవరి శవంమీదుగా తీరాలన్నది మాత్రం బతికున్నప్పటి పట్టాలూ చట్టాలే నిర్ణయించాయి. కనుక సమాధిని మనోభావాల సంగతిగా చూసేవాడు భౌతికవాది అయినా సరిగా చూడటంలేదంటాను. సమాధి ఒక దస్తావేజు. మా తాతలు ఈ మట్టిలో కలిశారు గనుక ఈ మట్టి మాది అనటానికి వలసదారుడికి సమాధి కావాలి. అందుకే అతను దానికి రాయి పెడతాడు. అందుకే ఇతరుల సమాధులు అతనికి అడ్డం. కొలంబియా నది ఒడ్డున మౌంట్ కాఫిన్ అని శవాల పడవలు వుంచే గుట్ట వుండేది. దాన్ని రాళ్లకోసం తవ్వి నేలమట్టం చేశారు.

మిత్రుడు ఊరుకోలేదు. "వారసులుంటే వాళ్లకు అన్యాయం జరిగిందంటే ఒప్పుకుంటాను. ఆ కూలీలకు భార్యలు లేరు, బిడ్డలు లేరు. అడిగేవాడు లేనిచోట అన్యాయం ఎక్కడుంది?" అన్నాడు.

ఇక్కడే నేను చాలా రోజులు ఆగిపోయాను. ఈ చిక్కు నిజమైన చిక్కు. చచ్చినవాడికి బాధ లేదు, బతికున్నవాడెవడూ బాధపడటం లేదు, మరి తప్పు ఏ గాలిలో వేలాడుతున్నది? కాని ఆ కూలీలకు బిడ్డలు ఎందుకు లేరు? 1875 చట్టంవల్ల లేరు. అడిగేవాడు లేకుండా చేసింది ఎవరు? సమాధిని చదును చేసినవాళ్ల పూర్వులే. అడిగే నోరు లేకుండా చేసి, అడిగేవాడు లేడు గనుక అప్పు లేదనటం వడ్డీవ్యాపారి కూడా చెయ్యని వాదం. అప్పిచ్చినవాడు వారసులు లేకుండా చస్తే బాకీ తీరిపోదు. తీర్చే దారి మూసుకుపోతుంది, అంతే. ఆ కూలీలు కట్టిన రైలుకట్టమీద వూరు పెరిగింది. వాళ్లు మోడులు పెరికిన నేల ధర పెరిగింది. వాళ్ల కూలిలో చెల్లించకుండా మిగిలింది ఆ వూరి గోడల్లో వుంది. అది ఎవరు తిన్నారో వాళ్లు బాకీదారులు. ఆత్మ వున్నా లేకపోయినా ఈ లెక్క మారదు.

ఇంత చెప్పినా ఒక అంశం నాకు పూర్తిగా తెగలేదు. ఆ ప్రాంతపు రాజకీయ నాయకుడు విక్టర్ ట్రెవిట్ అనే ఆయన 1883లో చనిపోయాడు. తనను తెల్లవాళ్ల శ్మశానంలో కాకుండా, కొలంబియా నదిలో ఇండియన్లు శవాలనుంచే మెమలూస్ లంకలో పాతిపెట్టమని కోరాడు. పునరుత్థానం రోజున తెల్లవాళ్లతో కంటే ఇండియన్లతో లేవటమే మేలన్నాడని చెప్పుకుంటారు. మిత్రులు అలాగే చేశారు, గ్రానైటు స్తంభం కూడా లేపారు. 1930లలో బొనవిల్ ఆనకట్ట కట్టినప్పుడు లంక కొంత మునిగింది. ఇండియన్ల ఎముకలను వేరేచోటికి తరలించారు. ఇవాళ ఆ లంకలో ట్రెవిట్ స్తంభం ఒక్కటే కనిపిస్తుంది. అతని ప్రేమ కపటమని నేననలేను. అయినా చివరికి ఆ లంక అతని లంక అయింది. మంచి మనసుతో వెళ్లినవాడు కూడా అక్కడ ఒక రాయి పాతక తప్పలేదు, ఆ రాయే మిగలక తప్పలేదు. చైనీయులపట్ల ఇవాళ స్మారకచిహ్నం నిర్మించేవాళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ స్తంభం గుర్తుకొస్తుంది. వద్దనమని కాదు. ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో వుంటుందో చూడాలి.

ఇంతదూరపు సంగతి నన్నెందుకు ఇంతగా పట్టుకుందో చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ లేనిదవుతుంది.

మాది నెల్లూరు జిల్లా. మాకు నిమ్మతోట వుంది. మా చిన్నప్పుడు ఆ తోటకూ చెరువుకూ మధ్య కొంత పోరంబోకు వుండేది. మాదిగపల్లెవాళ్లు తమ శవాలను అక్కడ పాతిపెట్టేవారు. రాళ్లు లేవు. చిన్న చిన్న మట్టిదిబ్బలు, కొన్నిటిమీద తుమ్మకొమ్మలు. మా ఇంట్లో పాలేరు ఒకాయన వుండేవాడు. వానాకాలంలో నన్ను భుజాన ఎక్కించుకుని బడికి చేర్చినవాడు. 1994లో ఆయన చనిపోతే అక్కడే పాతిపెట్టారు. తర్వాత రెండేళ్లకు మా పెద్దవాళ్లు బుల్డోజరు తెప్పించారు. పల్లెవాళ్లకు వూరికి దూరంగా రాతినేల చూపించారనీ, వాళ్లు ఒప్పుకున్నారనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. తోట ఎకరంన్నర పెరిగింది. "అక్కడ మనుషులున్నారు గదా నాయనా" అని అడిగితే, "ఎవరున్నార్రా అడగను?" అన్నాడు మా నాయన. కసురుకుని అన్నమాట కాదు. నిజంగానే అన్నాడు. నా బి.ఏ., ఎం.ఏ. చదువులకు డబ్బు ఆ నిమ్మకాయలనుంచే వచ్చింది. చారిత్రక భౌతికవాదం మీద నేను కొన్న మొదటి పుస్తకం కూడా వాటితోనే కొని వుంటాను.

ఆ పాలేరు పేరు ఇక్కడ రాయాలనుకున్నాను. ఆయన మనవడు వద్దన్నాడు. "మీ పత్రికలో మా తాత పేరెందుకు సార్, పట్టాలో వుంటే పనికొచ్చేది" అన్నాడు. అతను చెన్నైలో లారీ నడుపుతాడు. కిందటి ఎండాకాలం వూరికి వచ్చినప్పుడు, తాతను ఎక్కడ పెట్టారో చూపించమని నన్నడిగాడు. వాళ్ల నాన్న పోయాడు, పల్లెలో తెలిసినవాళ్లు పోయారు. అడగటానికి నేనే మిగిలాను కాబోలు. ఇద్దరం తోటలోకి వెళ్లాం. అప్పట్లో అక్కడొక వేపచెట్టు గుర్తుండేది, దాన్ని కొట్టేశారు. కాలువగట్టునుంచి అడుగులు లెక్కపెట్టి, నాలుగో సాలులో ఈ రెండు చెట్ల మధ్య అనుకుంటాను అన్నాను. కచ్చితంగా చెప్పలేనన్నాను. ఫరవాలేదు సార్ అన్నాడు. అక్కడికి వెళ్లి చెప్పులు విడిచాడు. నేను కాలువగట్టుమీదే నిలబడ్డాను. అతను చాలాసేపు వున్నాడు. తిరిగివస్తూ, రాలిన కాయలు నాలుగు ఏరి, తీసుకోవచ్చా అని నన్నడిగాడు.